జానపద గేయంలో ‘అసలు’ – ‘నకిలీ’: జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాల ఆధారంగా ఒక చారిత్రక పరిశీలన

తెలుగు జానపద గేయాన్ని విశ్వవిద్యాలయ స్థాయి పరిశోధనాంశంగా నిలిపినవారిలో ఆచార్య బిరుదురాజు రామరాజు అగ్రగణ్యులు. ఆయన ‘తెలుగు జానపద గేయ సాహిత్యము’ 1958లో గ్రంథరూపంలో వెలువడింది. అజ్ఞాత కర్తృత్వం, మౌఖిక ప్రచారం, సమష్టి స్వామ్యం అనేవి జానపద గేయానికి పండితులు సాధారణంగా చెప్పే లక్షణాలు. సేకరించిన పాటలను వర్గీకరించడానికి ఇవి ఎంతగానో ఉపకరించాయి. అయితే కాలక్రమంలో వర్ణనకు ఉద్దేశించిన ఈ లక్షణాలే తీర్పుకు కొలమానాలయ్యాయి. కర్త పేరు తెలిస్తే అది జానపదం కాదనీ, వాద్యం మారితే అసలుది కాదనీ అనడం పరిపాటి అయింది. పూర్వపు కరీంనగర్ జిల్లా పాటల చరిత్ర ఈ కొలమానాలకు సులభంగా లొంగదు.

వేములవాడకు సమీపంలోని హనుమాజీపేట గ్రామాన్నే తీసుకోవచ్చు. సి. నారాయణరెడ్డి (1931–2017) పుట్టింది ఆ ఊరిలోనే; ఒగ్గుకథ కళాకారుడు మిద్దె రాములుదీ ఆ ఊరే. బాల్యంలో హరికథలు, జంగం కథలు విని పెరిగిన నారాయణరెడ్డి 1962 నాటి ‘గులేబకావళి కథ’తో సినీగేయ రచనకు వచ్చారు. ఆయన పల్లె బాణీలో రాసినది అనుకరణ, రాములు చెప్పినది అసలైన జానపదం అనడం తేలిక. కానీ ఒగ్గుకథ మూలస్థానం మల్లన్న, బీరప్పల కొలువు. పట్నం వేసి రాత్రుళ్ల తరబడి చెప్పే కథ అది. బహిరంగ వేదికపై గంటా రెండు గంటల్లో ముగిసేటప్పుడు ఆ కథ కూడా మారక తప్పలేదు. మారడమే నకిలీతనమైతే రాములునూ పక్కన పెట్టవలసి వస్తుంది. అందుకు ఏ పరిశోధకుడూ సాహసించడు, సాహసించకూడదు కూడా.

1972లో ఏర్పడిన జననాట్యమండలి ఈ ప్రశ్నను మరింత జటిలం చేసింది. 1978 సెప్టెంబరు 7న జగిత్యాలలో జరిగిన రైతుకూలీల జైత్రయాత్ర, అదే ఏడాది అక్టోబరులో జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించడం – ఈ రెండింటి నడుమ పాట పల్లెల్లో సభకూ వార్తకూ సాధనమైంది. మండలి వారు పల్లె బాణీని తీసుకొని కొత్త మాట పొదిగారు. గోచీ, గొంగడి, కాలి గజ్జెలతో వేదికనెక్కిన గద్దర్ ఇంజనీరింగు చదివి, కొంతకాలం బ్యాంకులో ఉద్యోగం చేసినవారు. ఆ వేషం పల్లె నుంచి తెచ్చుకున్నదే, కానీ ఎంచి తెచ్చుకున్నది. 1980లో విడుదలైన ‘మా భూమి’ చిత్రంలో ఆయన పాడిన బండి యాదగిరి పాటకు కర్త ఎవరో తెలుసు. అయినా వినేవారు దానిని జానపదంగానే స్వీకరించారు. అజ్ఞాత కర్తృత్వమనే నియమం ఇక్కడ ప్రజల చెవి ముందు నిలవలేదు.

వాద్యాన్ని బట్టి అసలు–నకిలీ నిర్ణయించడం తెలుగువారికే పరిమితం కాదు. 1965లో అమెరికాలోని న్యూపోర్ట్ జానపదోత్సవంలో బాబ్ డిలన్ విద్యుత్ గిటారు పట్టుకున్నప్పుడు శ్రోతల్లో కొందరు దానిని ద్రోహంగా భావించారు. అయిదేళ్ల తర్వాత, 1970లో, ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్ అనే కార్ఖానాల నగరం నుంచి బ్లాక్ సబ్బత్ బృందం తొలి ఆల్బమ్ వచ్చింది. హెవీ మెటల్ అనే సంగీతానికి అనేకులు దానినే ఆరంభంగా చెబుతారు. ఆ బృందపు గిటారు వాద్యకారుడు టోనీ అయోమీ లోహపు రేకుల కార్ఖానాలో పనిచేస్తూ రెండు వేళ్ల కొనలు పోగొట్టుకున్నవాడు. ఈ సంగీతాభిమానులకు గిటారు విద్యుత్ ఘోషే అసలుతనానికి గుర్తు. దాన్ని తగ్గించి కీబోర్డుతో మెత్తపరిస్తే కల్తీ అన్నవారున్నారు. న్యూపోర్టులో కల్తీ అనిపించిన విద్యుత్తే ఇక్కడ ప్రమాణమైంది. ప్రామాణికత వాద్యంలో లేదనడానికి ఇంతకన్న నిదర్శనం అక్కరలేదు. డప్పు ఉంటే అసలు, కీబోర్డు తాళం ఉంటే ‘డీజే పాట’ అంటూ నేటి తెలంగాణ పాటపై చేసే తీర్పు కూడా ఇటువంటిదే. మరమగ్గాల చప్పుడు నడుమ బతికే సిరిసిల్ల కార్మికుడి చెవికి యంత్రధ్వని పరాయిదని పండితుడు ఎలా నిర్ణయిస్తాడు?

అసలు చిక్కు మరొకచోట ఉంది. కోరుట్ల, జగిత్యాల, సిరిసిల్ల ప్రాంతాల్లో బీడీలు చుట్టే స్త్రీలు వేల సంఖ్యలో ఉన్నారు. బతుకమ్మ చుట్టూ తిరిగేటప్పుడు ఒకరు పాట ఎత్తుకుంటారు, మిగిలినవారు అందుకుంటారు. ఎత్తుకున్న మనిషి జ్ఞాపకం ఉన్నది పాడుతుంది. తప్పిన చోట అప్పటికప్పుడు కట్టి కలుపుతుంది. ఆమె ఎవరో ఆ వాడలో అందరికీ తెలుసు. సేకర్త పుస్తకంలోకి ఎక్కినప్పుడే ఆమె అజ్ఞాత అవుతుంది. కర్తృత్వం లేకపోవడం ఆ పాట స్వభావమని చెప్పేకన్న, నమోదు చేసినవారు పేరు అడగకపోవడం వల్ల కలిగిన స్థితి అనడం సబబు.

ఈ స్థితికి ఆర్థిక పర్యవసానం ఉంది. 2021లో ‘లవ్ స్టోరీ’ చిత్రంలోని ‘సారంగ దరియా’ పాట వెలువడినప్పుడు, దాని మూలాన్ని సేకరించి ముందుగా వేదికపై పాడింది తానేనని ఒక జానపద గాయని ముందుకు వచ్చారు. జానపదం ఎవరి సొత్తూ కాదన్న సమాధానమూ వినిపించింది. సమష్టి స్వామ్యమన్న పండిత నిర్వచనమే అక్కడ వాదంగా మారింది. భారత కాపీరైటు చట్టంలో 1994 సవరణ ద్వారా ప్రదర్శకులకు ప్రత్యేక హక్కు వచ్చింది. అయితే ఎవరు ప్రదర్శించారో రాసి ఉంటేనే ఆ హక్కును అడగడానికి ఆధారం దొరుకుతుంది. యూట్యూబు పాటల కింద సంగీతం, ఎడిటింగు, కెమెరా చేసినవారి పేర్లు వరుసగా ఉంటాయి. రచన అన్నచోట మాత్రం తరచూ కనిపించే మాట ‘జానపదం’.