ఇమ్మొబిలైజర్

ఇమ్మొబిలైజర్ అనగా సరియైన తాళంచెవి లేనిదే వాహనపు ఇంజను నడవకుండా నిరోధించే ఎలక్ట్రానిక్ పరికరం. దొంగతనాల నివారణకై దీనిని కార్లలో అమర్చుతారు. అలారం శబ్దం చేసి హెచ్చరించును. స్టీరింగ్ లాక్ స్టీరింగును బిగించును. ఇమ్మొబిలైజర్ ఇంజనునే పనిచేయనీయదు. దొంగను ఆపవలసిన ఈ ఏర్పాటు ఒక్కొక్కప్పుడు యజమాని తాళంచెవిని కూడా గుర్తించక కారును నిలిపివేయుట కలదు.

చరిత్ర

అమెరికాలో 1919లోనే విద్యుత్తుతో పనిచేసే వాహన చౌర్య నిరోధక పరికరానికి పేటెంటు లభించినది. 1980ల మధ్యకాలంలో జనరల్ మోటార్స్ సంస్థ షెవర్లే కార్వెట్ కారు తాళంచెవిలో చిన్న రెసిస్టరును అమర్చినది. దాని విలువ సరిపోలితేనే ఇంజను స్టార్ట్ అయ్యేది. అయితే వాడిన విలువలు 15 మాత్రమే. 1990లలో ట్రాన్స్‌పాండర్ చిప్‌లు వాడుకలోకి వచ్చినవి. కొత్త కార్లలో ఇమ్మొబిలైజర్‌ను జర్మనీ, బ్రిటన్‌లు 1998లోను, ఆస్ట్రేలియా 2001లోను, కెనడా 2007లోను తప్పనిసరి చేసినవి.

పనిచేయు విధానం

తాళంచెవి పిడిలో ట్రాన్స్‌పాండర్ అనే చిన్న చిప్ ఉండును. దీనికి బ్యాటరీ అక్కరలేదు. తాళంచెవిని తిప్పగానే, తాళం రంధ్రం చుట్టూ ఉన్న తీగచుట్ట సాధారణంగా 125 కిలోహెర్ట్జ్ పౌనఃపున్యం గల అయస్కాంత క్షేత్రమును కలిగించును. చిప్ దాని నుండే శక్తిని గ్రహించి తన సంకేతమును పంపును. మెరుగైన పద్ధతిలో కారు ప్రతిసారి ఒక కొత్త సంఖ్యను పంపును. చిప్ తనలోని రహస్య సంఖ్య సాయంతో దానికి జవాబు లెక్కగట్టును. జవాబు సరిపోనిచో ఇంజను కంప్యూటరు ఇంధనమును గాని, స్టార్టరును గాని, రెండింటిని గాని ఆపివేయును.

కారు కదలనప్పుడు

తాళంచెవి లేదా తాళంకప్ప గుర్తు గల దీపం మిణుకుమిణుకుమనుట, ఇంజను రెండు మూడు క్షణాలు నడిచి ఆగిపోవుట దీని ముఖ్య లక్షణాలు. అప్పుడు ఈ క్రింది క్రమమును పాటించవచ్చును.

* ఇగ్నిషన్ ఆపి, తాళంచెవిని తీసి, కొద్ది నిమిషాలు ఆగి మరల ప్రయత్నించవలెను.
* అదే గుత్తిలో ఉన్న ఇతర చిప్ తాళంచెవులను, లోహపు వస్తువులను వేరుచేయవలెను.
* రెండవ తాళంచెవితో ప్రయత్నించవలెను. దానితో కారు నడిచినచో లోపం మొదటి తాళంచెవిలో ఉన్నట్లే.
* బటన్‌తో స్టార్ట్ అయ్యే కార్లలో రిమోట్ బ్యాటరీ నీరసించి ఉండవచ్చును. చాలా నమూనాలలో రిమోట్‌ను బటన్‌కు ఆనించి నొక్కినచో కారు గుర్తించును. కొన్నింటిలో దీనికి వేరే స్థానం ఉండును. అది యజమాని పుస్తకంలో తెలుపబడును.
* కారు బ్యాటరీని పరీక్షించవలెను. పూర్తిగా చార్జి అయిన బ్యాటరీ విశ్రాంత స్థితిలో సుమారు 12.6 వోల్టులు చూపును.

ఇంధనం ఆగిపోయినప్పుడు కారును తోసి స్టార్ట్ చేయుట వలన ప్రయోజనం లేదు. తీగలను కత్తిరించి కలుపుట వలన ఇంజను కంప్యూటరు పాడగు ప్రమాదం కలదు. తాళంచెవులన్నీ పోయినచో యాజమాన్య పత్రాలతో అధీకృత సర్వీసు కేంద్రమును ఆశ్రయించవలెను; కొత్త తాళంచెవిని కారు కంప్యూటరుకు పరిచయం చేయనిదే అది తలుపు తెరచునేగాని ఇంజనును నడపజాలదు.

పరిమితులు

ఒక ప్రముఖ ట్రాన్స్‌పాండర్ యొక్క 40 బిట్‌ల రహస్య సంకేతమును ఛేదించవచ్చునని 2005లో జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయ పరిశోధకులు నిరూపించినారు. అయినను ఈ పరికరం లేకపోవుట మరింత ప్రమాదకరం. అమెరికాలో ఇమ్మొబిలైజర్ లేని కొన్ని హ్యుందయ్, కియా కార్లను దొంగిలించే విధానం సామాజిక మాధ్యమాలలో వ్యాపించగా 2022లో వాటి చోరీలు బాగా పెరిగినవి. 2023 ఫిబ్రవరిలో ఆ సంస్థలు సుమారు 83 లక్షల కార్లకు సాఫ్ట్‌వేరు మార్పును ప్రకటించినవి. అప్పటికి ఈ చోరీల వలన కనీసం 14 ప్రమాదాలు, 8 మరణాలు సంభవించినట్లు అక్కడి రహదారి భద్రతా సంస్థ తెలిపినది.