మట్టికుండ, చెక్కగిన్నె

"ఆ రోజుల్లో మందుల్లేవు కదే! సుఖవ్యాధులు రాకుండా బైబిల్లో అన్ని కట్టుబాట్లు పెట్టారు" అన్నారు పక్కింటి పిన్నిగారు. నిజమే సుమా అనిపించి లేవీయకాండం తెరిచాను. పదిహేనో అధ్యాయంలో స్రావమున్న మగవాడి సంగతి ఉంది. అతను పడుకున్న పరుపూ, ఎక్కిన జీనూ అన్నీ మైలే. తాకిన మట్టికుండ పగలగొట్టాలి. చెక్కగిన్నె అయితే కడిగితే చాలు. తగ్గాక ఏడు రోజులాగి పారే నీళ్ళలో స్నానం. గనేరియా క్రిమిని నైసర్ కనిపెట్టింది 1879లో కదా, వీళ్ళకి ముందే ఎలా తెలిసిందమ్మా అని ఆశ్చర్యపోయాను.

కాని ఆ అధ్యాయంలోనే ఆలుమగలు కలిసినా సాయంత్రం దాకా మైలే! నెలసరికి ఏడు రోజులు. మా అమ్మమ్మ చాపా చెంబూ గుర్తొచ్చాయి. వీటిలో రోగమెక్కడ? వ్యభిచారానికి మరణశిక్ష వేసినచోటా జబ్బు ఊసే లేదు. ద్వితీయోపదేశకాండమైతే, పెళ్ళికూతురు కన్య కాదని తేలితే పుట్టింటి గుమ్మంలోనే రాళ్ళతో కొట్టి చంపమంది. పెళ్ళికొడుకుకి ఆ పరీక్ష లేదు. అంటురోగం మగవాణ్ణి వదిలేస్తుందా? ఇది వంశం, ఆస్తి గురించిన భయంలాగే కనిపించింది నాకు. పెళ్ళి నిశ్చయం కాని పిల్లని చెరిచినవాడు ఆమె తండ్రికి 50 తులాల వెండి ఇచ్చి, ఆమెనే కట్టుకోవాలట.

ఇది చదివి వినిపిస్తే పిన్నిగారు, "మరి ఆ పిల్లనెవరూ అడగలేదుటే?" అన్నారు.