పట్టికలో లేని ఊళ్ళు: తుంగభద్ర ఎడమ కాలువ క్యాంపులు

ఒక ఊళ్ళో ఏయే సౌకర్యాలు ఉన్నాయో తెలుసుకోవడానికి ప్రభుత్వం వారి దగ్గర ఒక పద్ధతి ఉంది. జనగణన జరిగిన తరువాత ప్రతి జిల్లాకూ ఒక పుస్తకం వేస్తారు. అందులో ఊరి పేరు, దానికెదురుగా బడి ఉందా, తాగే నీరు ఎక్కడిది, తపాలా కార్యాలయం ఉందా, బస్సు వస్తుందా, కరెంటు ఉందా అని వరుసగా గళ్ళుంటాయి. సింధనూరు తాలూకాలోనో, మాన్వి తాలూకాలోనో ఒక క్యాంపులో పుట్టి పెరిగినవారు ఆ పుస్తకంలో తమ ఊరి కోసం వెదికితే చాలామందికి అది కనిపించదు. ఆ పట్టికను రెవెన్యూ గ్రామాల లెక్కన తయారు చేస్తారు. క్యాంపుల్లో ఎక్కువ భాగం రెవెన్యూ గ్రామాలు కావు. వాటి జనం మూలగ్రామం లెక్కలో కలిసిపోతారు. మూలగ్రామంలో బడి ఉంటే పట్టికలో బడి ఉన్నట్టే. క్యాంపు పిల్లవాడు ఆ బడికి కాలువ గట్టు వెంట రెండు మైళ్ళు నడవాలన్న సంగతి ఏ గడిలోనూ పట్టదు.

ఈ చిక్కు ఎట్లా వచ్చిందో చెప్పాలంటే కాస్త వెనక్కి పోవాలి.

కృష్ణా తుంగభద్రల నడుమ ఉన్న మన ప్రాంతాన్ని రాయచూరు అంతర్వేది అంటారు. 1520లో శ్రీకృష్ణదేవరాయలు బిజాపూరు సుల్తానుతో పోరాడింది ఇక్కడి కోట కోసమే. రెండు పక్కలా రెండు పెద్ద నదులున్నా నడుమ నేల మాత్రం ఆకాశం వైపు చూస్తూ బతికింది. నల్లరేగడిలో జొన్న, పత్తి పండితే పండినట్టు, లేకుంటే కరువు. ఆ కరువు తీర్చడానికే 1945లో తుంగభద్ర ఆనకట్టకు పునాది వేశారు. కుడివైపు పని మద్రాసు ప్రభుత్వానిది, ఎడమవైపు పని నిజాం హైదరాబాదుది. 1953లో నీరు వదిలారు. ఎడమ ప్రధాన కాలువ సుమారు 227 కిలోమీటర్లు సాగి మన జిల్లాలోకి దిగుతుంది.

కాలువ వెంటే జనం వచ్చారు. కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాల రైతులు అక్కడ ఒక ఎకరం అమ్మి ఇక్కడ ఎన్నో ఎకరాలు కొనగలిగారు. వారితో కూలి కుటుంబాలూ వచ్చాయి. రాష్ట్రాలు మారుతున్న కాలం అది. 1956 నవంబరు 1న రాయచూరు జిల్లా మైసూరు రాష్ట్రంలో చేరింది, అదే జిల్లాలోని గద్వాల, ఆలంపూరు తాలూకాలు ఆంధ్రప్రదేశ్‌కు పోయాయి. అంతకుముందే వచ్చి స్థిరపడినవారు హైదరాబాదు రాజ్యంలో గుడిసె వేసుకుని, గడప దాటకుండానే మైసూరు రాష్ట్ర ప్రజలయ్యారు. 1973లో పేరు మారి కర్ణాటక ప్రజలయ్యారు.

ఇంకొక మాట కూడా చెప్పుకోవాలి. ప్రాజెక్టు వేసినవారు ఎడమ కాలువ కింద చాలా భూమిని జొన్న, వేరుశనగ, పత్తి వంటి ఆరుతడి పంటలకే నిర్ణయించారు. కొద్ది నీటిని ఎక్కువ ఊళ్ళకు పంచాలన్నది వారి లెక్క. డెల్టా నుంచి వచ్చిన రైతుకు తెలిసింది వరి. తలకాలువ దగ్గర వరి పెరిగినకొద్దీ మాన్వి, సిరవార, రాయచూరు వైపు చివరి పొలాలకు నీరు తగ్గింది. మనవారి కష్టాన్ని ఎంత మెచ్చుకున్నా, ఆ కష్టఫలంలో చివరి ఆయకట్టు రైతు వాటా కొంత ఉందని ఒప్పుకోక తప్పదు. భూమి అమ్ముకున్న స్థానిక కుటుంబాల్లో, కొన్నవారి దగ్గరే నాట్లకు పోయినవారూ ఉన్నారు.

సరే, ఊరి సంగతికి వద్దాం. పాత గ్రామం కోట గోడ చుట్టూనో, బావి చుట్టూనో, గుడి చుట్టూనో పుడుతుంది. క్యాంపు పొలం చుట్టూ పుట్టింది. కొన్న సర్వే నంబరులోనే ఒక మూల గుడిసెలు వేసుకున్నారు. మొదట వచ్చిన పెద్ద పేరో, ఇష్టదైవం పేరో, ఒక దేశనాయకుడి పేరో పెట్టి చివర క్యాంపు అనో, నగర్ అనో తగిలించారు. సింధనూరు తాలూకా గాంధీనగర్, గంగావతి దగ్గర శ్రీరామనగర్ అట్లా పేరుపడ్డవే. గంగావతి 1997 నుంచి కొప్పళ జిల్లాలో ఉంది, అది వేరే విషయం.

మొదటి సౌకర్యం నీరు. కాలువే స్నానానికి, బట్టలకు, పశువులకు, తాగడానికి. కానీ కాలువ ఏడాది పొడుగునా పారదు. ఎండాకాలంలో కట్టేస్తారు. ఇక్కడి బోరు నీరు చాలాచోట్ల ఉప్పన, కొన్నిచోట్ల ఫ్లోరైడు. అందుకని కాలువ కట్టే ముందే నింపుకునే తాగునీటి చెరువు క్యాంపుకు ప్రాణం. చెరువు నింపే రోజుల్లో ఏ తూము ఎవరు ఎత్తారు, పైవాడు ఎంత లాక్కున్నాడు అన్నది ఇంటింటి మాట అవుతుంది. పట్నంలో కుళాయి తిప్పేవారికి ఇది వింతగా తోచవచ్చు. జలాశయం కట్టినప్పుడు 133 టీఎంసీలు పట్టేది, పూడిక వల్ల ఇప్పుడు 105 చిల్లరే పడుతుంది. 2024 ఆగస్టు 10 రాత్రి 19వ గేటు గొలుసు తెగి గేటు కొట్టుకుపోయినప్పుడు మన జిల్లా క్యాంపుల్లో వార్త వినని ఇల్లు ఉండదు. ఆ నీటిలో వారి పంటతో పాటు వారి తాగునీటి చెరువు కూడా ఉంది.

తరువాత వచ్చినవి రామాలయం, కొన్ని వీధుల్లో చర్చి, ఆ పక్కనే అంగడి. క్యాంపు అంగడిలో నగదు తక్కువ, చిట్టా ఎక్కువ. ఉప్పు నుంచి కిరోసిను దాకా పంట చేతికొచ్చేవరకు అరువే. పంట సింధనూరు దలాలీ అంగడికి చేరాక బాకీ కొట్టేవారు. అరువుకు వడ్డీ ధరలోనే కలిసి ఉండేదని చెప్పనక్కర లేదు. ఆ వెనుక రైసు మిల్లులు వచ్చాయి, మన సోనామసూరి బియ్యం దూరదేశాల పేర్లు సంచుల మీద వేసుకుని పోవడం మొదలైంది. మిల్లుతో రోడ్డు, రోడ్డుతో ఎర్రబస్సు. రైలు మాత్రం చాలా ఆలస్యం. రాయచూరుకు 1871లోనే రైలు వస్తే సింధనూరుకు 2024లో వచ్చింది.

ఉత్తరం సంగతి ముచ్చటగా ఉండేది. పుట్టింటి నుంచి కార్డు తెలుగులో వచ్చేది, పంచేవారికి కన్నడం వచ్చు. లిపులు అక్కాచెల్లెళ్ళు గనుక కూడబలుక్కుని చదివి ఇచ్చేవారు. చిరునామాలో క్యాంపు పేరు, దాని కింద మూలగ్రామం పేరు, తాలూకా, జిల్లా, 1972 తరువాత పిన్ కోడు కూడా. క్యాంపు పేరు ఒక్కటీ రాస్తే ఉత్తరం చేరుతుందన్న నమ్మకం ఉండేది కాదు.

బడి గురించి నేను కాస్త ఎక్కువ చెబితే వృత్తిదోషం అనుకోండి. క్యాంపుల్లో మొదటి బడులు రామాలయం అరుగు మీదనో, పశువుల కొట్టంలోనో నడిచాయి. సర్కారు బడి వచ్చాక కన్నడం వచ్చింది. మా తరగతిలో హాజరు పిలిస్తే పిల్లలు "ఇద్దీని సార్" అని కన్నడంలో పలుకుతారు, ఆ వెంటనే పక్కవాడితో బలపం కోసం తెలుగులో పోట్లాడతారు. లెక్కలు కన్నడంలో చేస్తారు, అమ్మ మీద ఫిర్యాదు తెలుగులో చెబుతారు. రెండు భాషలూ వారివే. అయితే తెలుగు నోట నిలిచింది గాని చేతికి రాలేదు. తాత కార్డు రాస్తే మనవడు చదవలేని ఇళ్ళు నాకు చాలా తెలుసు. ఇంగ్లీషు కాన్వెంట్లు వచ్చాక కన్నడం రాత కూడా పలచబడుతోంది. ఇది ఏ పట్టికలో రాయాలో నాకు తెలియదు.

ఇక కాగితం విషయం. పొలానికి పహణి ఉంటుంది. అదే పొలం మూలలో ఉన్న ఇంటికి చాలా క్యాంపుల్లో సరైన కాగితం ఉండేది కాదు, ఎందుకంటే రికార్డులో అది ఇప్పటికీ సాగుభూమి. ఇంటి మీద అప్పు పుట్టదు. అన్నదమ్ములు పంచుకుంటే పత్రం రాయడం కష్టం. పొలమున్న రైతు ఏదోవిధంగా నెట్టుకొస్తాడు. యజమాని స్థలంలో గుడిసె వేసుకున్న కూలి కుటుంబానికి మాత్రం తరాలు గడిచినా కాలి కింద నేల తనది అని చూపే చీటీ ఉండదు. 1987లో మండల పంచాయతీలు, 1993 చట్టంతో గ్రామ పంచాయతీలు వచ్చాక క్యాంపులు కూడా వార్డులై సభ్యులను పంపాయి, వీధి దీపాలు, సిమెంటు దారులు వచ్చాయి. ఇంటి కాగితం మాత్రం కదలలేదు.

తాండాల వారిదీ ఇదే బాధ. వారి పోరాటం వల్లే దారి తెరుచుకుంది. 2023 జనవరి 19న కలబురగి జిల్లా మళఖేడలో ప్రధానమంత్రి యాభై వేలకు పైగా కుటుంబాలకు హక్కుపత్రాలు పంచారు. కలబురగి, యాదగిరి, రాయచూరు, బీదరు, విజయపుర జిల్లాల్లో రికార్డులకెక్కని సుమారు 1475 నివాసాలను కొత్త రెవెన్యూ గ్రామాలుగా ప్రకటించామని ఆనాడు చెప్పారు. వాటిలో ముఖ్యమైనవి బంజారా తాండాలు. మీ క్యాంపు పేరు అటువంటి ప్రకటనలో ఎక్కిందో లేదో తాలూకా కచ్చేరీలో అడిగి తెలుసుకోండి. ఎక్కి ఉంటే ఇంటి హక్కుపత్రం ఎంతవరకు వచ్చిందో పంచాయతీ అభివృద్ధి అధికారిని అడగండి.

వచ్చే జనగణనకు 2027 మార్చి 1ని లెక్క తేదీగా ప్రకటించారు. దానికి ముందు ఇళ్ళ లెక్క కోసం వచ్చేవారు నీరు ఎక్కడి నుంచి, దీపం దేనితో, మరుగుదొడ్డి ఉందా అని ఇల్లిల్లూ అడుగుతారు. ఆ వచ్చేది మా వంటి ఉపాధ్యాయుల్లో ఒకరే అయి ఉండవచ్చు. నీరు కాలువ నుంచి నింపిన చెరువుదైతే చెరువుదనే చెప్పండి, కుళాయి ఉన్నా నీరు రాకపోతే ఆ మాట కూడా చెప్పండి. పొలం మూలన ఉన్న కూలివారి గుడిసెలను కూడా వారికి చూపించి పంపండి.