పట్టా ఎవరిదో పైసలు వాళ్లవి

బొంబాయిలో ఒకప్పటి ఫాక్‌లాండ్ రోడ్డు పేరు ఇప్పుడు పట్ఠే బాపూరావ్ మార్గ్. దాన్ని ఆనుకుని ఉన్నదే కామాఠిపుర. 18వ శతాబ్దం చివర్లో నిజాం రాజ్యం నుంచి బొంబాయికి కూలికొచ్చిన తెలుగువాళ్లను కామాఠీలన్నారు. వాళ్ల పేరే ఆ పేటకు నిలిచిపోయింది. ఆ తర్వాతా పాలమూరు, నల్లగొండ పక్కల నుంచి వలస ఆగలేదు. ఇలా వచ్చిన వాళ్లలో ఊళ్లో రెండెకరాల చెలక ఉన్నవాళ్లూ ఉంటారు. దున్నేది తమ్ముడో, కౌలుదారో. పట్టా మాత్రం బొంబాయి మనిషి పేరనే. 2018లో ఆ పట్టాకు ఒక్కసారిగా విలువ పెరిగింది: సర్కారు పెట్టుబడి సాయం దాని వెంటే వచ్చింది.

సర్కారు రైతు చేతిలో డబ్బు పెట్టడం కొత్త కాదు. మొఘలుల కాలం నుంచీ 'తకావీ' అనే మాట ఉంది. బలమివ్వడమని దాని మూలార్థం. విత్తనానికో, ఎద్దులకో, బావికో ముందుగా ఇచ్చే సొమ్మది. ఇంగ్లీషువాళ్లు 1883, 1884లలో రెండు చట్టాలతో దాన్ని తమ పద్ధతిలో పెట్టారు. పేరు ఏదైనా అది అప్పే, తిరిగి కట్టాల్సిందే.

స్వతంత్రం వచ్చాక సాయం వస్తువుల్లో దూరింది. 1977 నుంచి కేంద్రం ఎరువుల కంపెనీలకు ఖర్చులో తేడా చెల్లించి, రైతుకు ధర తగ్గించింది. 2004 మే 14న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రిగా వై.ఎస్. రాజశేఖరరెడ్డి తొలి సంతకం ఉచిత కరెంటు మీదే. అయితే కరెంటు సాయం అందాలంటే బోరుండాలి, ఎరువు సాయం అందాలంటే బస్తా కొనాలి. ఎంత వాడకమో అంత సాయం. వానమీద బతికే చెలకకు దక్కింది తక్కువే. ఊళ్లు వలసపోయిందీ ఎక్కువగా ఆ చెలకల నుంచే.

2018లో తెలంగాణ తెచ్చిన పెట్టుబడి సాయం పథకం రైతుబంధు ఈ లెక్క మార్చింది. బోరు చూడలేదు, పంట చూడలేదు, ఎకరం చూసింది. అందుకు ముందుగా భూమి ఎవరిదో తేలాలి. 2017 సెప్టెంబరులో భూరికార్డుల ప్రక్షాళన మొదలైంది, కొత్త పాసు పుస్తకాలు అచ్చయ్యాయి. 2018 మే 10న హుజూరాబాద్ దగ్గర ముఖ్యమంత్రి కె. చంద్రశేఖరరావు పథకం ప్రారంభించారు. పంటకు ఎకరాకు 4,000 రూపాయలు. ఎకరాకు 40 గుంటలు కాబట్టి గుంటకు సరిగ్గా వంద. తొలి వానాకాలం చెక్కులిచ్చారు. యాసంగి నుంచి బ్యాంకు ఖాతాలో వేశారు. 2019లో 5,000 చేశారు. విస్తీర్ణానికి పరిమితి లేదు, కౌలుదారుకు చోటు లేదు.

ఆ బాటలోనే 2019 ఫిబ్రవరి 24న కేంద్రం గోరఖ్‌పూర్‌లో పీఎం కిసాన్ తెచ్చింది. ఏడాదికి 6,000, అది కూడా భూమి ఉన్న కుటుంబాలకే. అదే ఏడాది అక్టోబరులో ఆంధ్రప్రదేశ్ తెచ్చిన రైతు భరోసా మాత్రం ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ కౌలుదారులకు చోటిచ్చింది.

భూమి లెక్కన డబ్బిస్తే దున్నేవాడు బయటే మిగులుతాడన్నది అమెరికా ఎప్పుడో చూసింది. 1933 చట్టం కింద పత్తి సాగు తగ్గించినందుకు ఇచ్చిన సొమ్ములో చాలాభాగం దక్షిణాది భూస్వాముల దగ్గరే ఆగింది. పాలికాపులు ఇళ్లూవాకిళ్లూ వదిలిపోయారు.

2025 జనవరి 26న తెలంగాణలో పేరు రైతు భరోసా అయింది, సొమ్ము ఎకరాకు ఏడాదికి 12,000 అయింది. భూమిలేని కూలీ కుటుంబాలకూ ఏడాదికి 12,000 ఇస్తామన్నారు. కాకపోతే ఉపాధి హామీలో కనీసం 20 రోజులు పనిచేసి ఉండాలన్నారు. ఆ పని ఊళ్లో చేయాలి. పట్టా ఉన్నవాడికి బొంబాయిలో ఉన్నా ఖాతాలో పడుతుంది. పట్టా లేక బొంబాయి పోయినవాడికి, పోయినందుకే, రెండోదీ అందదు.