చీరాల వద్దన్న మునిసిపాలిటీ

పన్ను పెరిగితే జనం గొణుక్కుంటారు, కొన్నాళ్లకు సర్దుకుంటారు. 1921లో చీరాల, పేరాల జనం సర్దుకోలేదు. ఊరే ఖాళీ చేశారు. దాన్ని పన్ను ఎగవేత అని కొట్టిపారేస్తే అసలు సంగతి అందదు. అప్పటి గుంటూరు జిల్లాలోని ఈ జంట ఊళ్ల జనాభా సుమారు 15 వేలు. మగ్గాన్ని నమ్ముకున్న కుటుంబాలు చాలా ఉండేవి. గ్రామ యూనియన్‌గా ఉన్న రోజుల్లో ఏటా నాలుగు వేల రూపాయల దాకా కట్టేవారు. 1919లో మద్రాసు ప్రభుత్వం మునిసిపాలిటీ చేయడంతో ఆ భారం 40 వేలకు ఎగబాకింది. మాకిది వద్దని అర్జీలు పెట్టుకున్నా వినలేదు. కౌన్సిలర్లు రాజీనామా చేస్తే ప్రభుత్వం జీతమిచ్చి ఒక ఛైర్మన్‌ను నియమించింది. నా దృష్టిలో నమ్మకం తెగింది ఇక్కడే. స్థానిక స్వపరిపాలన పేరుతో వచ్చిన సంస్థలో స్థానికుల మాటకే చోటు లేకపోయింది. ఆ తర్వాత పన్ను కట్టనివారిని జైలుకు పంపారు. రావూరి అలమేలుమంగమ్మ కూడా వారిలో ఒకరు.

అంత పెద్ద ఊరికి మురుగు కాలువలు, మంచినీళ్లు అక్కర్లేదా అని అడగవచ్చు. కావాలి, వాటికి డబ్బూ కావాలి. కానీ ఎంత, ఎప్పుడు, దేనికి అన్నది కట్టేవాళ్లతో మాట్లాడి తేల్చాల్సిన లెక్క. ఇదంతా కాంగ్రెస్ రగిల్చిన గొడవేనన్న వాదన కూడా నిలవదు. సహాయ నిరాకరణకు కలకత్తాలో కాంగ్రెస్ ఆమోదం లభించింది 1920 సెప్టెంబరులో. చీరాల అసంతృప్తి అంతకు ముందే మొదలైంది. కాంగ్రెస్ నాయకుడు దుగ్గిరాల గోపాలకృష్ణయ్య దానికి నాయకత్వమూ క్రమశిక్షణా ఇచ్చారు, నిజమే. లేని కోపాన్ని మాత్రం ఆయన పుట్టించలేదు.

1921 ఏప్రిల్‌లో చీరాల వచ్చిన గాంధీ, అహింసతో పన్ను నిరాకరించడం, లేదా మునిసిపల్ హద్దు దాటి వెళ్లిపోవడం అనే రెండు దారులు చూపారు. జనం రెండోది ఎంచుకున్నారు. పొలిమేర అవతల రామనగర్ పేరుతో పాకలు వేసుకుని ఎండకూ వానకూ ఓర్చి పదకొండు నెలలు గడిపారు. అక్కడ తమ వ్యవహారాలు తామే నడుపుకున్నారు, తగవులు తామే తీర్చుకున్నారు. కేవలం డబ్బు మిగుల్చుకోవాలనుకునేవాళ్లు ఇంత కష్టానికి సిద్ధపడరు. పాలన అంటేనే గిట్టనివాళ్లయితే పొలిమేర దాటీ మళ్లీ కట్టుబాట్లు పెట్టుకోరు. చివరికి తిరిగి రాలేదా అంటే, వచ్చారు. సెప్టెంబరులో గోపాలకృష్ణయ్యను బరంపురంలో అరెస్టు చేసి ఏడాది జైలు వేశారు, చేతిలో డబ్బు అయిపోయింది, పాకల్లో బతుకు దుర్భరమైంది. మునిసిపాలిటీ మీద వాళ్ల మనసు మార్చేలా ఆ పదకొండు నెలల్లో ప్రభుత్వం చేసిందేమీ లేదు.