మెమరీ మాడ్యూళ్ల ప్యాకేజింగ్, తయారీ నాణ్యత: పరిశీలన చరిత్ర

కంప్యూటర్‌లో అమర్చే మెమరీ మాడ్యూల్‌ (ర్యామ్) మన్నికను దాని తయారీ తీరును బట్టి అంచనా వేస్తారు. చిప్‌ల పైతొడుగు, సర్క్యూట్ బోర్డు, సోల్డరింగ్, అంచున బంగారు పూత పూసిన కాంటాక్టులు, కొనేవారికి చేరేదాకా కాపాడే యాంటీస్టాటిక్ సంచి ఈ పరిశీలన కిందికి వస్తాయి.

తెలుగునాట కంప్యూటర్ తయారీకి పునాది వేసింది ఈసీఐఎల్. అణుశక్తి శాఖ కింద 1967 ఏప్రిల్ 11న హైదరాబాద్‌లో ఏర్పడిన ఈ సంస్థకు ఆద్యుడు అయ్యగారి సాంబశివరావు. ఆయన 1914లో పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లులో జన్మించారు. ట్రాంబేలో రూపుదిద్దుకుని 1969లో వెలువడిన 12 బిట్ల టీడీసీ-12 కంప్యూటర్ ఈసీఐఎల్‌కు పేరు తెచ్చింది. 1970ల మధ్యలో టీడీసీ-312, 16 బిట్ల టీడీసీ-316 వచ్చాయి. ఆ కాలంలో మెమరీ అంటే ఫెర్రైట్ కోర్. సన్నని ఫెర్రైట్ ఉంగరాల గుండా అడ్డంగా, నిలువుగా తీగలు దూర్చి అల్లిన చట్రం అది. ఉంగరానికి ఒక బిట్. ఈ అల్లిక ఓర్పుతో చేయాల్సిన సున్నితమైన చేతిపని. ఉంగరం బీటవారినా, తీగ మీది ఎనామిల్ గీసుకుపోయినా ఆ బిట్ నమ్మదగ్గది కాదు. అడ్డతీగలో సగం కరెంటు, నిలువుతీగలో సగం పంపి, రెండూ కలిసిన చోటి ఉంగరం మాత్రమే తిరగబడుతోందా అని పరీక్షించేవారు. ఒకట్లు, సున్నాలు మార్చి మార్చి రాసి, చదివే తీగలో అలజడి ఎక్కువయ్యేలా చేసి మరీ చూసేవారు. నేటి మెమరీ పరీక్షల్లో కొన్ని ఆ పద్ధతులనే పోలి ఉంటాయి.

1970లో ఇంటెల్ 1103 మెమరీ చిప్ రాకతో కోర్ మెమరీ వెనకబడింది. పైతొడుగు ఎంత ముఖ్యమో లోకానికి తెలిసింది 1978లో. మెమరీ చిప్‌లలో కారణం తెలియకుండా బిట్లు మారిపోతుంటే, ఇంటెల్‌కు చెందిన తిమోతీ మే, ముర్రే వుడ్స్ ఆ తప్పు సర్క్యూట్‌లో లేదని తేల్చారు. ప్యాకేజీ పదార్థంలోని యురేనియం, థోరియం జాడల నుంచి వెలువడే ఆల్ఫా కణాలే దానికి మూలం. ఆ తర్వాత ప్యాకేజీ పదార్థాల శుద్ధి కూడా నాణ్యతా ప్రమాణమైంది. మే, వుడ్స్‌ల కృషి ఈ రంగంలో అత్యంత విలువైన పరిశోధనల్లో ఒకటి.

1983లో వాంగ్ లేబొరేటరీస్ చిప్‌లను చిన్న బోర్డు మీద కూర్చిన సిమ్ మాడ్యూల్‌ను రూపొందించింది. తర్వాత డిమ్ మాడ్యూళ్లు వచ్చాయి. 2006 జులై 1 నుంచి ఐరోపాలో అమలైన నిబంధనతో సోల్డర్‌లో సీసం వాడకం చాలావరకు తగ్గింది.

ఇక తెలుగునాట మార్కెట్లో కొనేవారి కళ్లే తొలి పరీక్షాయంత్రం. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లోనైనా, సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ దుకాణాల్లోనైనా చూడాల్సినవి ఇవే. చిప్‌లన్నిటి మీదా ఒకే కంపెనీ ముద్ర, ఒకే తేదీ కోడ్ ఉన్నాయా? ఉపరితలం అరగదీసి మళ్లీ ముద్రించినట్టుందా? లేబుల్ మీది సామర్థ్యం, మాడ్యూల్ వివరాలు దాచే ఎస్పీడీ చిప్‌లో నమోదైనది ఒకటేనా? కాంటాక్టుల మీద స్లాట్‌లో పెట్టి తీసిన గీతలుంటే అది వాడిన సరుకు కావచ్చు.

మాడుగులపల్లి మీదుగా సాగే అద్దంకి–నార్కట్‌పల్లి దారి వెంట ఊళ్లలో ఎండాకాలపు వేడి, దుమ్ము మాడ్యూళ్లకు పెద్ద పరీక్ష. కంప్యూటర్ ఆన్ చేస్తే తెర వెలగకుండా బీప్ మోగితే, మెకానిక్ ర్యామ్ ఊడదీసి, కాంటాక్టులను పెన్సిల్ రబ్బరుతో రుద్ది మళ్లీ పెట్టడం వాడుక. చాలాసార్లు పనిచేస్తుంది. కానీ ఆ బంగారు పూత మందం మిల్లీమీటరులో వెయ్యో వంతు కూడా ఉండదు కాబట్టి, మళ్లీ మళ్లీ రుద్దితే అరిగిపోతుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తడిపిన మెత్తటి గుడ్డ మేలు.

ఇక తయారీ విషయానికొస్తే, చిప్‌ల ప్యాకేజింగ్ కోసం ఆంధ్రప్రదేశ్‌లో ఏఎస్ఐపీ టెక్నాలజీస్ నెలకొల్పే కర్మాగారానికి కేంద్ర మంత్రివర్గం 2025 ఆగస్టు 12న ఆమోదం తెలిపింది. దక్షిణ కొరియా సంస్థ సాంకేతిక సహకారంతో వచ్చే ఆ కర్మాగారం సామర్థ్యం ఏడాదికి 9.6 కోట్ల యూనిట్లు.