హైవేపై గుంత కనిపించిందా? లొకేషన్ ఒక్కటే పంపితే సరిపోదు.. ఇవి కూడా చెప్పాలి!

రాత్రి 11 గంటలు. హైదరాబాద్-విజయవాడ హైవేపై సూర్యాపేట దాటాక గుంతలో పడి కారు టైరు పగిలింది. హైవే హెల్ప్‌లైన్ 1033కి ఫోన్ చేశారు. "ఎక్కడున్నారు?" అని అడిగితే "సూర్యాపేట దాటేశాం.. ఏదో డాబా పక్కన" అన్నారు. సూర్యాపేట నుంచి కోదాడ దాకా 40 కిలోమీటర్ల పైనే ఉంటుంది. పెట్రోలింగ్ వాహనం ఎక్కడని వెతుకుతుంది?

ఫోన్‌లో జీపీఎస్ ఉంది కదా అంటారా? ఉంది. కానీ హైవేలు నడిపేవాళ్ల లెక్క వేరు.

చైనేజ్ అంటే ఏంటి?

ఫోన్ మ్యాప్‌కు తెలిసింది అక్షాంశం, రేఖాంశం. హైవే ఇంజినీర్లు మాత్రం రోడ్డును ఒక టేపులా చూస్తారు. మొదలైన చోటు నుంచి ఎన్ని కిలోమీటర్లు, ఎన్ని మీటర్ల దగ్గర ఉందనేదే వాళ్లకు అడ్రస్. దీన్నే చైనేజ్ అంటారు. కాంట్రాక్టర్ పరిధి, తారు వేసిన తేదీ, కల్వర్టులు, క్రాష్ బారియర్లు.. అన్నీ ఈ లెక్కలోనే రికార్డవుతాయి. జాతీయ రహదారి పక్కన పసుపు తలకట్టుతో కనిపించే కిలోమీటరు రాయి ఈ లెక్కకు గుర్తే. మధ్యలో 2, 4, 6, 8 అంకెలతో ఉండే చిన్న రాళ్లు 200 మీటర్లకు ఒకటి చొప్పున పాతినవి.

జీపీఎస్ పాయింట్‌ను ఈ లెక్కకు కలిపితేనే ఆ గుంత ఏ కాంట్రాక్టర్ పూడ్చాలో తేలుతుంది. అసలు చిక్కు ఇక్కడే.

ఎక్కడ తేడా వస్తుంది?

* ఆరుబయట మామూలు ఫోన్ జీపీఎస్‌లో సుమారు 5 మీటర్ల తేడా ఉంటుంది. హైవేపై ఒక లేన్ వెడల్పు 3.5 మీటర్లే. అంటే గుంత ఏ లేన్‌లో ఉందో పాయింట్ చూసి చెప్పలేం.

* ఫ్లైఓవర్ ఉన్నచోట మరీ కష్టం. పైన మెయిన్ రోడ్డు, కింద సర్వీస్ రోడ్డు.. మ్యాప్‌లో రెండూ దాదాపు ఒకే చోట కనిపిస్తాయి.

* ఇంజినీర్ల భాషలో ఎడమ, కుడి అంటే కిలోమీటర్ల అంకె పెరిగే దిశలో చూసి చెప్పేవి. మీరు ఎదురు దిశలో వస్తుంటే మీ ఎడమ వాళ్లకు కుడి అవుతుంది.

* బైపాస్ వేసినా, మలుపు సరిచేసినా రోడ్డు పొడవు మారుతుంది. పాత రాయి మీది అంకె, కొత్త ప్రాజెక్టు చైనేజ్ కలవవు. నంబర్లూ మారాయి. 2010 తర్వాత పాత ఎన్‌హెచ్-9 ఎన్‌హెచ్-65 అయింది. చెన్నై-కోల్‌కతా రోడ్డులో ఎక్కువ భాగానికి 5 పోయి 16 వచ్చింది. పాత రికార్డును కొత్తదానితో కలపాలంటే ఈ మార్పులన్నీ లెక్కలోకి తీసుకోవాల్సిందే.

ప్రాణాల మీదకు వస్తుందా?

వస్తుంది. కేంద్ర రోడ్డు రవాణా శాఖ లెక్కలో బ్లాక్ స్పాట్ అంటే సుమారు 500 మీటర్ల రోడ్డు ముక్క. అక్కడ మూడేళ్లలో మరణాలు లేదా తీవ్ర గాయాలైన ప్రమాదాలు 5 జరగాలి, లేదా 10 మంది చనిపోయి ఉండాలి. ప్రమాదాల లొకేషన్ 300 మీటర్లు అటూ ఇటూ పడితే? ఒకే చోట జరిగిన 5 ప్రమాదాలు రెండు ముక్కల్లో 3, 2గా విడిపోవచ్చు. అప్పుడు కాగితం మీద అక్కడ బ్లాక్ స్పాటే ఉండదు. మరమ్మతూ ఉండదు. పోలీసులు ప్రమాద స్థలం నుంచే వివరాలు నమోదు చేసేలా ఐరాడ్ యాప్ తెచ్చింది ఇందుకే.

ఇప్పుడేం చేస్తున్నారు?

ఎన్‌హెచ్ఏఐ నెట్‌వర్క్ సర్వే వాహనాలను నడుపుతోంది. లేజర్లు, 360 డిగ్రీల కెమెరాలు, ఫోన్ కంటే కచ్చితమైన జీపీఎస్ వీటిలో ఉంటాయి. పగుళ్లు, గుంతలు, రోడ్డు ఎగుడుదిగుడులను ఇవి రోడ్డు పొడవునా నమోదు చేస్తాయి. ఇక ప్రయాణికుల కోసం 2023లో రాజ్‌మార్గ్ యాత్ర యాప్ వచ్చింది. లొకేషన్‌తో కూడిన ఫొటో, వీడియో అందులో పెట్టి ఫిర్యాదు చేయొచ్చు.

మీరు చెప్పాల్సినవి ఇవే:

1. హైవే నంబర్
2. దగ్గర్లోని కిలోమీటరు రాయి మీద ఉన్న అంకె
3. ఎటు వెళ్తున్నారు? ఎడమ, కుడి అనకుండా "విజయవాడ వైపు వెళ్లే రోడ్డు" అనండి
4. మెయిన్ రోడ్డా, సర్వీస్ రోడ్డా? ఫ్లైఓవర్ పైనా, కిందా?
5. దాటిన టోల్ ప్లాజా పేరు

ఒక్క జాగ్రత్త. ఫొటో కోసం రోడ్డు మీద నిలబడొద్దు. బండి పక్కకు తీసి, హజార్డ్ లైట్లు వేసి, బారియర్ అవతలకు వెళ్లాకే ఫోన్ చేయండి.